రంగులో ఉండలు: గేజి చూపేవి, చూపనివి

(పెయింట్ ఫ్యాక్టరీల ల్యాబుల్లో చాలాకాలం పనిచేసిన ఒక కెమిస్ట్, నల్లగొండలో డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఈ టేబుల్ మీద ఉన్నవి మీకు కనిపించాలి.

ముందు ఒక పని చేసి పెడతాను. ఇవి రెండు కొలజాడీలు. రెండింట్లోనూ వంద మిల్లీలీటర్ల నీళ్లు పోశాను, మీ కాలేజీ నల్లా నీళ్లే. రెండింట్లోనూ ఒక్కో చెంచా జాజు వేస్తున్నాను. అవును, పండగకు గడపలకు, గోడల అంచులకు పూసే జాజే, నిన్న బజారులో కొన్నాను. రెండో జాడీలో మాత్రం ఈ ద్రావణం ఒక చెంచా కలుపుతున్నాను. ఇది సోడియం హెక్సామెటాఫాస్ఫేట్. మట్టి పరీక్ష చేసినవాళ్లకు ఈ పేరు తెలుసు, బంకమట్టిని విడగొట్టడానికి వాడతారు. ఇప్పుడు రెండింటినీ మూసి బాగా కుదుపుతున్నాను. చూడండి, రెండూ ఒకేలా ఉన్నాయి కదా? ఎర్రగా, చిక్కగా. కిటికీ పక్కన పెడుతున్నాను. ఎవరూ ముట్టుకోకండమ్మా. చివర్లో చూద్దాం.

మా నాయన ఈ నల్లగొండలోనే ఇళ్లకు రంగులు వేసేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట పోయేదాన్ని. డబ్బా మూత తీయగానే ఆయన చేసే మొదటి పని ఏమిటో తెలుసా? పాత ధోతి గుడ్డ రెండు మడతలు వేసి, రంగును ఇంకో డబ్బాలోకి వడకట్టేవాడు. గుడ్డ మీద నలుసులు మిగిలేవి. వాటిని వేళ్ల మధ్య పెట్టి నలిపేవాడు. నలిగితే "సరిగ్గా నూరలే" అనేవాడు. నలగకపోతే "ఇసుక పడ్డది" అనేవాడు. అంతే, రెండు మాటలు. నలిగే నలుసు, నలగని నలుసు. నేను కెమిస్ట్రీ చదివి, ల్యాబుల్లో పనిచేసి తెలుసుకున్నదాంట్లో సగం ఆ రెండు మాటల్లోనే ఉంది. మిగతా సగం ఆయన గుడ్డకు దొరకని మూడో రకం గురించి. ఈ రోజు మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ మూడో రకం గురించే. కానీ దాని దగ్గరికి మెల్లగా పోదాం.

ఇంట్లో జొన్న అంబలి కాయడం చూసినవాళ్లు చేతులెత్తండి. ఆ, చాలామంది ఉన్నారు. పిండిని నేరుగా మరిగే ఎసట్లో పోస్తే ఏమవుతుంది? ఉండలు కడుతుంది. ఆ ఉండను పగలగొట్టి చూడండి, లోపల పొడి పిండి ఉంటుంది. పైన తడిసి జిగురైపోయి, లోపలికి నీటిని పోనివ్వదు. అందుకని అమ్మ ఏం చేస్తుంది? ముందు పిండిని చల్లనీళ్లలో జారుగా కలుపుకుంటుంది, తర్వాత ఎసట్లో పోస్తూ తిప్పుతూనే ఉంటుంది. పెయింట్ ఫ్యాక్టరీలో మేం చేసేదీ ఇదే పని. పిగ్మెంట్, అంటే రంగునిచ్చే పొడి, దాని రేణువుల మధ్య ఇరుక్కున్న గాలిని తోసేసి అక్కడికి రెసిన్ (పొరగా ఎండి రంగును పట్టి ఉంచే జిగురు), సాల్వెంట్ (దాన్ని పల్చన చేసే ద్రవం) చేరాలి. అది తడపడం. తర్వాత ముద్దలను విడగొట్టడం. ఆ తర్వాత, విడిపోయినవి మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకోకుండా ఆపడం. తడపడం, విడగొట్టడం అందరికీ గుర్తుంటాయి, మిషన్లు కనిపిస్తాయి కాబట్టి. ఆపడం మర్చిపోతారు.

పోచంపల్లి వైపు నుంచి, పుట్టపాక నుంచి వచ్చినవాళ్లున్నారా? మీకు ఒక డౌటు రావాలి. నూలు అద్దేటప్పుడు రంగులో ఉండల గొడవ ఇంత లేదే అని. అక్కడ రంగు కరుగుతుంది. కరిగి పోగు లోపలికి ఇంకుతుంది. వ్యాట్ రంగులు మామూలుగా నీళ్లలో కరగవు, వాటిని కూడా ముందు కరిగే రూపంలోకి మార్చి అప్పుడే అద్దుతారు. పిగ్మెంట్ అట్లా కాదు. అది కరగదు. డబ్బాలో ఉన్నా, గోడ మీద ఎండినా రేణువుగానే ఉంటుంది. కాబట్టి ఆ రేణువు ఎంత ఉంది, ఒంటరిగా ఉందా, గుంపుగా ఉందా అన్నదే మొత్తం కథ.

ఎంత ఉండాలి? తెల్ల పెయింట్‌లో వాడే టైటానియం డయాక్సైడ్ తీసుకోండి. దాని రేణువు సుమారు 0.2 నుంచి 0.3 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎందుకు సరిగ్గా అంతే చేస్తారు? మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. దాంట్లో సగం దగ్గర రేణువు ఉంటే వెలుగును బాగా చెదరగొడుతుంది. వెలుగు చెదిరితేనే పాత గోడ కనిపించకుండా కప్పుతుంది. ఇప్పుడు అలాంటి రేణువులు వంద కలిసి ఒక ముద్దగా ఉన్నాయనుకోండి. బరువు అంతే, డబ్బు అంతే, కప్పే శక్తి మాత్రం పోతుంది. తెల్ల పెయింట్‌లో ఖరీదైన సరుకు అదే. సరిగ్గా విడగొట్టకపోవడమంటే కొన్న సరుకును డబ్బాలోనే పారబోసుకోవడం. ఇల్లు కట్టుకున్న మనిషి రెండు కోట్లతో అయిపోవాల్సింది మూడో కోటు కొనుక్కుంటాడు. ఆ డబ్బు ఎవరిది? ఆలోచించండి.

ఇక మిషన్లు. వీటి గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ రోజు విషయం పరీక్ష. మొదటిది హై స్పీడ్ డిస్పర్సర్, వేగంగా తిప్పి ముద్దలను విడగొట్టేది. నిలువు కడ్డీకి అడుగున పళ్ల చక్రం. బ్లేడు వ్యాసం గిన్నె వ్యాసంలో మూడో వంతు దగ్గర ఉండాలి. సరిగ్గా తిరుగుతుంటే పైనుంచి చూస్తే రంగు గారెలాగా కనిపిస్తుంది, మధ్యలో తూటు, చుట్టూ గుండ్రంగా దొర్లుతూ. గారె కనిపించలేదంటే పని జరగడం లేదు. బ్లేడు అంచు వేగం సెకనుకు 20 మీటర్లు అటూఇటూ ఉండాలి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ల్యాబులో 5 సెంటీమీటర్ల బ్లేడు, ఫ్యాక్టరీలో 30 సెంటీమీటర్ల బ్లేడు. రెండూ ఒకే ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి అన్నే చుట్లు, తిప్పితే ఒకటేనా? లెక్క కట్టండి. అంచు వేగం 20 మీటర్లు రావాలంటే చిన్న బ్లేడు నిమిషానికి సుమారు 7,600 సార్లు తిరగాలి. పెద్దదానికి సుమారు 1,270 చాలు. ల్యాబులో 1,200లో తిప్పి "మేడం, ఈ పిగ్మెంట్ విడిపోవట్లేదు" అని వచ్చే పిల్లలను నేను చూశాను. పిగ్మెంట్ తప్పు కాదది. తర్వాత పూసల మిల్లులు. గాజు పూసల సాంద్రత 2.5, జిర్కోనియా పూసలది 6 దగ్గర. బరువైన పూస గట్టిగా కొడుతుంది. ల్యాబులో అయితే సీసాలో పూసలు, రంగు వేసి షేకర్‌లో పెట్టి కుదిపినా చాలు.

సరే. నూరాం. ఎంత నూరాం, చాలా, ఇంకా నూరాలా? ఎట్లా తెలుస్తుంది?

ఇదిగో, ఇది హెగ్‌మన్ గేజి. అందరికీ చూపిస్తాను, జాగ్రత్తగా పట్టుకోండి, అంచులు కింద పడితే పనికిరాదు. జానెడు ఉక్కు దిమ్మ. మీద కాలువ లాంటి గాడి. ఈ చివర లోతు 100 మైక్రాన్లు. అట్లా అట్లా తగ్గుతూ ఆ చివరకు సున్నా. పక్కన 0 నుంచి 8 వరకు అంకెలు. ఇక్కడ తికమక పడొద్దు. లోతు ఎక్కువ ఉన్నచోట 0, లోతు లేనిచోట 8. అంటే అంకె పెరిగేకొద్దీ మెత్తన. ఒక్కో అంకెకు 12.5 మైక్రాన్లు. 4 అంటే 50 మైక్రాన్లు, 6 అంటే 25, 7 అంటే 12.5.

వాడటం ఎట్లా? లోతైన చివర కొంచెం రంగు పోస్తాం. ఈ ఉక్కు పట్టీని నిలువుగా రెండు చేతుల్తో పట్టుకుని, ఒకటి రెండు సెకన్లలో ఆ చివరి దాకా ఒకే లాగు. ఆగొద్దు, ఒత్తిడి మార్చొద్దు. లాగిన మూడు సెకన్లలోపు చూడాలి. ఏటవాలుగా, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడాలి. గాడి లోతుకంటే పెద్ద నలుసు ఎక్కడ తగిలితే అక్కడ పైకి పొడుచుకొస్తుంది. గాడిలో 3 మిల్లీమీటర్ల మేర అయిదు నుంచి పది చుక్కలు మొదట ఎక్కడ కనిపిస్తాయో అక్కడ అంకె చదవాలి. అంతకుముందు ఒకటీ అరా చుక్క కనిపిస్తే వదిలేయాలి. మూడుసార్లు చేయాలి, ఒక్కసారి చేసి రాసేయొద్దు.

మూడు సెకన్లని ఎందుకంటున్నాను? పల్చటి పొర కదా, సాల్వెంట్ ఎగిరిపోతుంది. ఎగిరిపోగానే లేని చుక్కలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. మన నల్లగొండ మే నెల ఎండలో, ఫ్యాను కింద ఈ పరీక్ష చేస్తే మంచి రంగు కూడా ఫెయిల్ అవుతుంది. రంగులో గాలి బుడగలున్నా అంతే, బుడగ కూడా చుక్కలాగే కనిపిస్తుంది. అందుకని కలిపిన వెంటనే కాకుండా బుడగలు పోయాక చూడాలి.

ఇంకోటి. దీన్ని ఎప్పుడూ ఇనుప పీచుతో తోమొద్దు. మెత్తటి గుడ్డ, థిన్నర్, అంతే. పట్టీ అంచును నెలకోసారి దిమ్మ మీద నిలబెట్టి వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. కింద సందులోంచి వెలుగు వచ్చిందా, ఆ పట్టీ అరిగిపోయింది. అరిగిన పట్టీతో ఎన్ని వందల రిపోర్టులు రాస్తారో నాకు తెలుసు, ఆ రిపోర్టులు చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఎంత అంకె రావాలి? అది రంగును బట్టి. ప్రైమర్‌కు 4, 5 వచ్చినా నడుస్తుంది. మెరిసే ఎనామెల్‌కు 7 దగ్గర కావాలి. కారణం సులభం. ఎనామెల్ ఒక కోటు ఎండాక సుమారు 25, 30 మైక్రాన్ల మందం. దాంట్లో 40 మైక్రాన్ల ముద్ద ఉంటే తల పైకి పెడుతుంది. చేత్తో తడిమితే గరుకు. మెరుపు పోతుంది. అదే నాయన గుడ్డ మీద నలుసు.

ఇప్పుడు బాగా వినండి. ఈ గేజి ఏం చూపించింది? పెద్ద నలుసులను చూపించింది. సగటు రేణువు ఎంతో చెప్పిందా? చెప్పలేదు. 0.25 మైక్రాన్ల రేణువు ఈ గేజికి కనిపిస్తుందా? కనిపించదు. 3 మైక్రాన్ల గుంపు? అదీ కనిపించదు. కానీ ఫ్యాక్టరీలో ఏమంటారు? "హెగ్‌మన్ 7 వచ్చింది, డిస్పర్షన్ ఓకే." అంటే రేణువులు బాగా విడిపోయాయని. ఓకే కాదు. పెద్ద నలుసులు లేవు, అంతే. ఆ రెండు మాటలకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో నేను ఒకసారి పడ్డాను.

నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు వద్దు, లేత నీలం ఎనామెల్ చేశాం. తెల్ల టైటానియం, దాంట్లో థాలో బ్లూ అనే నీలం పిగ్మెంట్. హెగ్‌మన్ 7 దాటింది. మెరుపు హద్దుల్లో ఉంది. చిక్కదనం చూసే ఫోర్డ్ కప్పులో జారే సమయం సరిపోయింది. రిపోర్టు మీద సంతకం నాది. సరుకు ఒక స్కూలు తలుపులకు, గేట్లకు పోయింది. వారం తిరగలేదు, ఫోను. పోయి చూస్తే ఒకే తలుపు మీద రెండు రంగులు. రోలర్‌తో వేసిన మధ్య భాగం ఒకలా, మూలల్లో బ్రష్‌తో రుద్దిన చోట ఇంకోలా, ముదురు నీలంగా. పెయింటర్‌ను అందరూ తిడుతున్నారు. ఆయన తప్పేం లేదు. పాపం, అదే డబ్బా, అదే చెయ్యి. ఆయన నిలబడ్డ తీరు చూస్తే మా నాయన గుర్తొచ్చాడు నాకు.

ఏం జరిగింది? థాలో బ్లూ చాలా సన్నటి పిగ్మెంట్. మిల్లులో విడిపోయింది, బాగానే విడిపోయింది. కానీ మూడో దశ ఉంది చూడండి, మళ్లీ కలవకుండా ఆపడం, అది సరిగ్గా చేయలేదు. డబ్బాలో నిలవ ఉండగా నీలం రేణువులు మెల్లగా గుంపులు కట్టాయి. గుంపు కడితే నీలం బలం తగ్గుతుంది, రంగు వెలిసినట్టు ఉంటుంది. బ్రష్‌తో గట్టిగా రుద్దగానే ఆ గుంపులు విడిపోయి నీలం మళ్లీ బయటపడింది. ఇలా మళ్లీ గుంపులు కట్టడాన్నే ఫ్లాక్యులేషన్ అంటారు. నాయన గుడ్డకు దొరకని మూడో రకం ఇదే. గుడ్డలోంచి జారిపోతుంది, వేళ్లకు తగలదు. గేజికి ఎందుకు దొరకలేదు? ఒకటి, గుంపులు అంత పెద్దవి కావు. రెండు, గేజి మీద పట్టీ లాగడమే ఒక రుద్దుడు. లాగేటప్పుడే గుంపులు విడిపోతాయి. పరీక్షే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

మరి దీన్ని ఏ పెద్ద మిషన్‌తో పట్టుకోవాలి? ఏ మిషనూ అక్కర్లేదు. ఈ వేలు చాలు. కార్డు మీద రంగు పొరలాగా లాగండి. కొంచెం ఆరి జిగురు పడుతుండగా ఒక మూల వేలితో గుండ్రంగా కాసేపు రుద్దండి. ఆరనివ్వండి. రుద్దిన చోటా, రుద్దని చోటా ఒకే రంగు ఉంటే మంచిది. రుద్దిన చోట ముదిరితే నీలం గుంపు కట్టింది. తెల్లబడితే టైటానియం గుంపు కట్టింది. రబ్-అప్ టెస్టు. ఆ లేత నీలం బ్యాచ్‌కు ఇది చేసి ఉంటే ఆ డబ్బా గేటు దాటేది కాదు. మా షీటులో ఆ పరీక్షకు గడి లేదు కాబట్టి నేను చేయలేదు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి చోటా షీటులో ఆ గడి పెట్టించాను.

ఫ్లాక్యులేషన్ అన్న మాట మీకు కొత్త కాదు. కాదు కదా? మన ఊరి పేరుతో ప్రపంచానికి తెలిసిన పద్ధతి ఒకటుంది. నల్లగొండ టెక్నిక్, తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేది. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. నీళ్లలో పటిక, సున్నం వేసి వేగంగా కలుపుతారు. తర్వాత మెల్లగా తిప్పుతారు. అప్పుడు అల్యూమినియం హైడ్రాక్సైడ్ తేలికపాటి గుంపులుగా కడుతుంది, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. మర్రిగూడ వైపు ఊళ్లలో వంగిపోయిన ఎముకలతో బతికిన మనుషులను చూసినవాళ్లం మనం. ఆ నీళ్లలో గుంపు కట్టడమే మందు. పెయింట్ డబ్బాలో అదే గుంపు కట్టడం రోగం. సైన్సు ఒకటే. రేణువులు దగ్గరికొస్తే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నీటిశుద్ధిలో దగ్గరికి రానిస్తాం. పెయింట్‌లో రేణువు చుట్టూ డిస్పర్సెంట్, అంటే రేణువులను విడిగా ఉంచే మందు, పొరగా కట్టి, లేదా ఒకే రకం చార్జ్ ఇచ్చి, రానివ్వం.

ఈ మధ్య ఇది ఇంకా ముఖ్యమైంది. ఎందుకంటే ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2016లో రూల్స్ వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలు. చాలా మంచి పని, పిల్లల మెదడుకు సీసం విషం. కానీ పాత పసుపు, నారింజ రంగుల్లోని లెడ్ క్రోమేట్ సులభంగా విడిపోయే పిగ్మెంట్. దాని బదులు వాడే ఆర్గానిక్ పిగ్మెంట్లు ఇంకా సన్నవి, ఉపరితలం ఎక్కువ. విడగొట్టడమూ కష్టమే, విడిగా ఉంచడమూ కష్టమే. పాత అలవాట్లతో గేజి ఒక్కటే చూసి పంపిస్తే కుదరదు.

అయితే నూరడం ఎప్పుడు ఆపాలి? దీనికి నాకు ఇష్టమైన పరికరం ఆటోమేటిక్ మల్లర్. గరుకు చేసిన రెండు గుండ్రటి గాజు పలకలు, మన తిరగలి లాంటిదే అనుకోండి. కింది పలక తిరుగుతుంది. పైదాని మీద 50, 100, 150 పౌండ్ల బరువు పెట్టొచ్చు. పిగ్మెంట్, నూనె పాలెట్ నైఫ్‌తో కలిపి, మధ్యలో పూసి, 50 చుట్లు తిప్పి ఆపాలి. నైఫ్‌తో గీకి మళ్లీ మధ్యకు తెచ్చి ఇంకో 50. ఒక్కోసారి కొంచెం తీసి, తూచిన తెల్ల పేస్టులో కలిపి కార్డు మీద పక్కపక్కన లాగండి. మొదటి 50కి లేత. వందకు ముదురు. నూట యాభైకి ఇంకా ముదురు. రెండు వందలకు? దాదాపు నూట యాభైలాగే ఉంటే పిగ్మెంట్ బలమంతా బయటికొచ్చేసింది. ఇంకా నూరితే కరెంటు దండగ. పూసల మిల్లులో కూడా అరగంటకోసారి తీసి ఇట్లాగే చేయొచ్చు. గేజి అంకె ముందే 7 చూపించి ఆగిపోతుంది, రంగు బలం మాత్రం ఆ తర్వాత కూడా పెరుగుతూ ఉండొచ్చు. ఇది నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను. అందుకే చెబుతున్నాను, గేజి పక్కన ఈ కార్డు ఉండాలి.

మిగతావి గబగబా చెప్తాను. నలుపు తెలుపు కార్డు మీద ఎంత కప్పిందో చూడండి. మెరుపు కొలిచే గ్లాస్ (gloss) మీటర్ ఉంటే 60 డిగ్రీల కోణంలో మొదలుపెట్టి, బాగా మెరిస్తే 20 డిగ్రీలకు, మెరుపే లేకపోతే 85కు మార్చండి. ఫోర్డ్ కప్పు మన దగ్గర 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూడాలి, ఎండాకాలం మధ్యాహ్నం రూములో ఎంతుంటే అంత దగ్గర కాదు. లేజర్ పార్టికల్ సైజ్ మిషన్లు ఉన్నాయి, సన్నటి రేణువులను కూడా కొలుస్తాయి. కానీ వాటికోసం నమూనాను బాగా పల్చన చేస్తారు. పల్చన చేస్తే గుంపులు మారిపోవచ్చు. అదీ గుర్తుంచుకోండి.

"మేడం, మేం పెయింట్ కంపెనీకి పోతామా, జడ్చర్లలోనో చౌటుప్పల్‌లోనో ఫార్మాలో చేరతాం" అంటారు. చేరండి. మాత్రల పైపూతలో కూడా పిగ్మెంట్లు, టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. పిల్లలకు తాగించే సస్పెన్షన్ మందులో అడుగున గట్టిగా పేరుకుంటే మొదటి చెంచాకు తక్కువ మందు, చివరి చెంచాకు ఎక్కువ. ఇదే సమస్య అక్కడా ఉంది. మీ లెక్చరర్లను ఒక్కటి కోరుతున్నాను. ఈ ల్యాబులో ఒక హెగ్‌మన్ గేజి, గాజు పలక, పాలెట్ నైఫ్, కొన్ని కార్డులు పెట్టించండి. మల్లర్ తర్వాత చూద్దాం.

సరే, ఇప్పుడు ఆ కొలజాడీలు తీసుకురండమ్మా. మెల్లగా, కదపకుండా. ఆ... చూడండి. మొదటిదాంట్లో పైన నీళ్లు తేటబడ్డాయి. జాజు గుంపులు కట్టి దిగిపోయింది. రెండోది ఇంకా ఎర్రగానే ఉంది. కుదిపినప్పుడు రెండూ ఒకటే కదా? అప్పుడు గేజి మీద లాగితే రెండింటికీ ఒకే అంకె వచ్చేది.

కానీ రెండోదే మంచిది, మొదటిది చెడ్డది అని రాసుకోకండి. వారం తర్వాత వచ్చి రెండింటి అడుగునా కడ్డీతో కదపండి. మొదటిదాని అడుగు మెత్తగా, గుల్లగా ఉంటుంది, రెండు తిప్పులకు లేస్తుంది. రెండోదాంట్లో రేణువులు ఒక్కొక్కటిగా దిగి సందు లేకుండా సర్దుకుంటాయి, గట్టి పొరలాగా. ఒక్కోసారి కడ్డీ దిగదు. అందుకే డబ్బాలో దిగకుండా పట్టే చిక్కదనం వేరే ఇవ్వాల్సి వస్తుంది. అది ఇంకో రోజు. ఈ జాడీలు ఇక్కడే వదిలేసి పోతున్నాను, వారం తర్వాత మీరే కదిపి చూడండి.

ఇప్పుడు ముందు బెంచీలో ఉన్న ఇద్దరు రండి. ఆ, నువ్వూ, పక్కన అమ్మాయి. ఈ డబ్బాలో ఎనామెల్ ఉంది, బుడగలు పోయాయి. ఫ్యాను ఆపండి ఎవరైనా. ఇక్కడ పొయ్యమ్మా, లోతున్న చివర. ఎక్కువొద్దు. పట్టీ నిలువుగా, రెండు చేతుల్తో. తమ్ముడూ, నువ్వు వెలుగుకు అటుపక్క నిలబడు, లాగగానే చుక్కలు ఎక్కడ మొదలయ్యాయో నువ్వే చెప్పాలి. మూడు సెకన్లు, గుర్తుందా? ఊఁ, లాగు.